తల్లికి కళ్ళు పెట్టిన రోజు

మా తమ్ముడు బబ్లును చంపింది మహిధర్. ఈ మాట మొదటే చెప్పేస్తున్నాను. ఆర్మూరులో మా వాడలో ఇన్ని గడపలున్నా ఏడాది పాటు ఈ మాట నోరు తెరిచి అన్నవాళ్ళు మా ఇంట్లో తప్ప ఎక్కడా లేరు. పసుపు ఆరబోసిన కళ్లంలో, మిట్టమధ్యాహ్నం, నలభై మంది చూస్తుండగా చంపాడు. ఆ నలభై మంది కళ్ళల్లోనూ ఆ రోజు ఒకేసారి నలుసు పడిందట. ఫోన్లన్నింటికీ ఒకేసారి ఛార్జింగ్ అయిపోయిందట.

మాది రంగుల ఇల్లు. బాపు పేరు సాయిలు. ఆయన తాతలది నకాషీ పని. పొడుగాటి గుడ్డ మీద కులాల కథలు బొమ్మలుగా వేసి, ఊరూరా కథ చెప్పేవాళ్ళకు ఇచ్చేవాళ్ళు. బాపు చేతికి కుంచె వచ్చేసరికి గుడ్డలు అడిగేవాళ్ళు పోయి దుకాణాల బోర్డులు మిగిలాయి. ఫ్లెక్సీలు వచ్చాక అవీ పోయాయి. నేను, భూమికను, హైదరాబాదులో ఫైన్ ఆర్ట్స్ చదివి వచ్చాను. అమ్మ మా చిన్నప్పుడే పోయింది. బబ్లు చదువు ఇంటరుతో ఆగింది గానీ వాడి చెయ్యి ఆగలేదు. దవాఖానల్లో పారేసిన ఎక్స్‌రే రేకులను బ్లేడుతో బొమ్మ ఆకారంలో కోసి, గోడకు ఆనించి, స్ప్రే డబ్బా కొట్టి, ఎవరైనా వచ్చేలోపు మాయమయ్యేవాడు. ఒకే ఇంట్లో మూడు రకాల చేతులు. రోజూ కొట్లాటే.

నేను ముఖానికి వెలుగూ నీడా పెడితే బాపుకు నచ్చేది కాదు.

"నీడ పెడితే దేవుడు మనిషైతడు బిడ్డా. గీత గియ్యి, లోపట రంగు నింపు. అయిపాయె" అనేవాడు.

ఒకసారి క్యూబిజం పుస్తకం తెచ్చి, ఒకే ముఖాన్ని పక్క నుంచీ ఎదుట నుంచీ కలిపి వేసిన బొమ్మను చూపించాను. కళ్ళద్దాలు సర్దుకుని చాలాసేపు చూశాడు. "గిండ్ల కొత్తేమున్నది? మా తాత పక్కకు తిరిగిన మొఖంల నిండు కన్ను పెట్టెటోడు. కన్ను సగం పెడితే తల్లి మనల్ని సగమే చూస్తది" అన్నాడు. బబ్లు పక్కనుంచి, "మీ ఇద్దరి బొమ్మలు ఆరేలోపట నాది ఊరంత చూసేస్తది" అని ఎగతాళి చేశాడు.

నాకు మాత్రం ఎక్స్‌ప్రెషనిస్టులంటే ప్రాణం. యుద్ధాలు చూసి వచ్చి, మనిషి ముఖాన్ని ఆకుపచ్చగా, ఆకాశాన్ని ఎర్రగా వేసినవాళ్ళు. ఉన్న రంగు ఉన్నట్టు వేయక్కర్లేదు, లోపల మండుతున్నది వేస్తే చాలు అన్నవాళ్ళు. నాకు చిన్నప్పటి నుంచీ ముక్కు మీదే కోపం, అందుకే వాళ్ళు బాగా అతికారు. ఆ మంట ఎలా ఉంటుందో నాకు అప్పటికి నిజంగా తెలియదు.

మహిధర్ కమీషన్ ఏజెంటు పాండురంగం కొడుకు. బాల్కొండ రోడ్డులో వాళ్ళ గోదాము, గోదాము ముందు కళ్లం, కళ్లం పక్కన పాలిషింగ్ డ్రమ్ము. ఉడకబెట్టి ఎండబెట్టిన పసుపు కొమ్ములు ఆ డ్రమ్ములో దొర్లి, పొట్టు రాలి, మెరుపు తేలి బయటికి వస్తాయి. బబ్లు ఒకరోజు అక్కడ గేటుకు రంగు వేయడానికి వెళ్ళి, గుప్పెడు కొమ్ములు జేబులో వేసుకొచ్చాడు. పిట్టగోడ మీద పెట్టి నాలుగు రోజులు ఎండలో ఉంచాడు.

"బాపూ, పసుపు ఎండకు వెలిసిపోతది గద. గిది ఏం వెలుస్తలేదు" అన్నాడు.

బాపు ఒక కొమ్మును తడిచేసి గోరు మీద రుద్దుకున్నాడు. ఆయన ముఖం మారింది. "గిది పసుపు కాదురా. క్రోమ్. బోర్డులకు కొట్టే రంగు. దీంట్ల సీసం ఉంటది. నోట్లె పెట్టకు, చెయ్యి కడుక్కో" అన్నాడు.

డ్రమ్ములో పసుపుతో పాటు పెయింటు పొడి పోస్తున్నారన్నమాట. మార్కెట్లో ఎంతమంది ఆ కొమ్ములను విరిచి వాసన చూశారో, ఒక్కరికీ అనుమానం రాలేదు. ముప్ఫయ్యేళ్ళు బోర్డులు రాసినవాడి గోరుకు తెలిసింది. మర్నాడు పొద్దున గోదాము గోడ మీద బొమ్మ ఉంది. మహిధర్ డబ్బా ఎత్తి డ్రమ్ములో రంగు పోస్తున్నాడు, ఆ డ్రమ్ము మూతి ఒక పసిపిల్ల తెరిచిన నోరు. గడ్డంతో సహా పోలిక అచ్చంగా దిగింది. మధ్యాహ్నానికి ఆర్మూరులో ప్రతి ఫోనులోనూ అది ఉంది.

మూడో రోజు నీలవ్వ మా ఇంటికి పరుగెత్తుకొచ్చింది. కళ్లంలో పసుపు ఏరే మనిషి, మా వెనకింట్లోనే ఉంటుంది. చీర కొంగు నేల మీద ఈడుస్తూ వచ్చింది.

"సాయిలన్నా, ఉరుకు! మహిధరు మీ బబ్లును సంపుతుండు!"

మేం వెళ్ళేసరికి అయిపోయింది. బబ్లు పసుపు కుప్ప మీద వెల్లకిలా పడి ఉన్నాడు. నోటి నిండా, కళ్ళ నిండా క్రోమ్ పొడి కుక్కి ఉంది. తల గడ్డపార దెబ్బకు పగిలి తెరుచుకుంది. నెత్తురు ఆ పచ్చటి పొడి మీదుగా పారి, గడ్డలు కట్టి, చెవిలోకి దిగుతోంది. ఒక కాలు ఇంకా కొద్దికొద్దిగా కొట్టుకుంటోంది. బాపు వాడి నోట్లోంచి రంగును వేళ్ళతో తోడుతూనే ఉన్నాడు, తోడినకొద్దీ వస్తూనే ఉంది. మహిధర్ పక్కనే నిలబడ్డాడు. మోచేతుల దాకా పచ్చగా ఉన్నాడు.

"రంగుల సంగతి మస్తు ఎర్క అన్నడు. తినిపిచ్చిన" అన్నాడు. అందరికీ వినిపించేలా అన్నాడు.

పోలీసులు వచ్చేసరికి వాడు చేతులు కడుక్కున్నాడు, గోడకు సున్నం కొట్టించాడు. కుర్రాడు డ్రమ్ములో జారి పడ్డాడని పంచనామా రాశారు. నలభై మంది దానికి తల ఊపారు. మా ఇంటికి పరుగెత్తుకొచ్చిన నీలవ్వ కూడా, "నేను పసుపు ఏరుతున్న సార్, తల మీదికెత్తలే" అంది. బాపూ నేనూ చూసింది శవాన్ని, వాడన్న మాట విన్నామంటే ఇంటివాళ్ళ మాట చెల్లదన్నారు. కొడుతుండగా చూసినవాళ్ళు కావాలన్నారు. ఒక్కరు, ఒక్క మనిషి, 'మహిధర్ కొట్టాడు' అంటే చాలు. ఆ ఒక్క మాట కోసం నేను ఏడాది పాటు గడప గడపకూ తిరిగాను. మజ్జిగ ఇచ్చారు, కూర్చోమన్నారు, ఏడ్చారు కూడా. మాట ఇవ్వలేదు.

నేను అలా తిరుగుతుండగానే వాడ కమిటీ కూర్చుంది. పెద్దమనిషి చిన్నన్న. పోలీసులు, కోర్టులు పట్టణం మొత్తానికి, మా వాడకు మాత్రం చిన్నన్న మాటే చివరి మాట. కమిటీ కాదన్నవాళ్ళకు దుకాణంలో ఉప్పు కూడా ఇవ్వరు, మంగలి గడ్డం గీయడు, శవం లేస్తే డప్పు కొట్టరు. తీర్పు ఇదీ: మహిధర్ కళ్లం పక్కన పోచమ్మ గుడి కట్టిస్తాడు. సాయిలు ఆ గుడి గోడ మీద తల్లి బొమ్మ వేస్తాడు. తల్లికి కళ్ళు పెట్టిన రోజుతో పగ తీరిపోతుంది. ఆ తర్వాత ఎవరూ ఈ ముచ్చట ఎత్తకూడదు.

"మంచిది, గీస్త" అన్నాడు బాపు.

నేను అక్కడే నేల మీద ఉమ్మేశాను. ఇంటికొచ్చాక ఆయన కంచంలో అన్నం పెట్టడం మానేశాను. వండి గిన్నె పక్కన పెట్టేదాన్ని, ఆయనే వడ్డించుకునేవాడు. కొడుకు నోట్లోంచి రంగు తోడిన చేత్తో, కొడుకును చంపినవాడు కట్టించిన గోడకు రంగు వేస్తాడా ఈ మనిషి? నాకు ఆయన్ను చూస్తే అసహ్యం వేసింది. ఇది అబద్ధం చెప్పి దాచుకోను.

అయినా వెళ్ళాను, ఆయన చేతులు వణుకుతున్నాయని. చింతగింజలు నానబెట్టి రుబ్బి జిగురు అంబలి కాచాను. సుద్ద, తుమ్మబంక కలిపి గోడకు మూడు పూతలు పూశాను. పూత ఆరుతుండగా మహిధర్ వచ్చాడు, చేతిలో ఫోను. అందులో ఎక్కడిదో దేవత బొమ్మ, చెంపలు మెరుస్తూ, వెనక చక్రం తిరుగుతూ.

"సాయిలన్నా, గిట్ల రావాలె. త్రీడీ. మీ పాత గీతలు నాకొద్దు. చూసెటోళ్ళకు మీదికి వచ్చినట్టుండాలె" అన్నాడు.

"త్రీడీ అంటే నీడ కావాలె మహీ. తల్లికి నీడ ఉండదు" అన్నాడు బాపు నెమ్మదిగా. "నాకు వచ్చింది గీ ఒక్క పద్ధతే. వద్దంటే ఇంకొకర్ని పిలుచుకో."

కమిటీ తీర్పులో బాపు పేరే ఉంది కాబట్టి వాడికి దారి లేకపోయింది. గోడంతా ఇంగిలీకం ఎరుపు. ఆ ఎర్ర నేల మీద నల్లటి గీత, గీత లోపల పసుపు, నీలి, తెలుపు. ఎక్కడా లోతు లేదు, దూరం లేదు. తల్లి చేతిలో కత్తి, మెడలో తలల దండ, కాళ్ళ కింద రక్తం తాగే నక్క. అన్నీ ఒకే వరసలో, ఒకే వెలుతురులో మన మీదికి నడిచివస్తున్నట్టు ఉన్నాయి. నెల రోజుల్లో పూర్తయింది, కళ్ళు తప్ప. కళ్ళ దగ్గర రెండు తెల్లటి చేపల్లాంటి ఖాళీలు. చదువుకున్నదాన్ని కదా, అన్ని దేశాల బొమ్మలూ చూశాననుకున్నదాన్ని. ఆ ఖాళీల ముందు నిలబడలేక పక్కకు జరిగాను.

కళ్ళు పెట్టే పద్ధతి మా ఇంట్లోవాళ్ళకే తెలుసు. ఈ వాడలో గోడ మీద తల్లి లేచి యాభై ఏళ్ళయింది, అందరూ కొన్న విగ్రహాలే పెట్టుకుంటున్నారు. బాపు నాకు ఆ పద్ధతి చెప్పాడు. తల్లి మొదటి చూపులో మేక తప్ప మనిషి ఉండకూడదు. ఉన్నవాడు బతకడు. అందుకే వాడంతా వీపు తిప్పి నిలబడుతుంది. డప్పులు ఆగకుండా కొడతారు. చిత్రకారుడు కూడా గోడకు వీపు ఆనించి, ఎదురుగా అద్దంలో చూసుకుంటూ, భుజం మీదుగా చెయ్యి వెనక్కి పెట్టి నల్లటి చుక్కలు పెడతాడు. రెండో చుక్క పడ్డాక, మూలన దాక్కున్న మనిషి వచ్చి మేక మెడ కొడతాడు. అప్పుడు చిత్రకారుడు 'తల్లి లేచింది' అని కేక వేస్తాడు. ఆ కేక వినేదాకా ఎవరూ తల తిప్పరు.

ఉగాది వెళ్ళిన తర్వాతి ఆదివారం. పొద్దున పదింటికే ఎండ మాడ్చేస్తోంది. చిన్నన్న, కమిటీవాళ్ళు, కళ్లం కూలీలు, పిల్లాజెల్లా అంతా కలిసి రెండు వందల మంది. మేక కొట్టే పని నేనే చేస్తానని మహిధర్ పట్టుబట్టాడు, గుడి కట్టించినవాడు కదా. కొత్త గొడ్డలి, పిడికి పసుపు పూసి ఉంది. నల్లమేకను గోడకు ఎదురుగా గూటానికి కట్టారు. మహిధర్ గోడ మూల వెనక నిలబడ్డాడు. చిన్నన్న చెయ్యి ఊపగానే రెండు వందల మంది వీపు తిప్పారు. డప్పులవాళ్ళు కూడా అటు తిరిగి వాయించడం మొదలుపెట్టారు.

నేను గోడ పక్కగా నిలబడి, చెయ్యి చాచి అద్దం పట్టుకున్నాను. బాపు గోడకు వీపు ఆనించాడు. ఉడుత వెంట్రుకల కుంచెను మసిలో ముంచాడు. ఆ చెయ్యి ఆ రోజు వణకలేదు. ఎడమ కన్నులో చుక్క పెట్టాడు. అప్పుడు తల తిప్పి మహిధర్‌ను పిలిచాడు.

"మహీ, గట్ల మూలకు నిలవడుతవేంది? ముందటికి రా. కట్టిచ్చినోడు మేక పక్కన నిలవడాలె. తల్లి చూపు నీ మీద పడితే వంశం సల్లగుంటది."

పద్ధతి దానికి సరిగ్గా తలకిందులని తెలిసినవాళ్ళం అక్కడ ఇద్దరమే. తీర్పు నాటి నుంచీ నేను పిరికివాడని తిట్టుకున్న మనిషి ఆనాటి నుంచీ ఈ క్షణం కోసమే ఎదురుచూస్తున్నాడు. ఆయన చేతిలో గొడ్డలి లేదు, ఆయనకు గొడ్డలి రాదు. ఆయనకు వచ్చింది ఇదొక్కటే. 'ఆగు' అని ఒక్క మాట నేను అనగలిగేదాన్ని. అని ఉంటే బాపు బతికేవాడు. నేను అనలేదు. వాడు చావాలని నాకు అంత గట్టిగా ఉంది.

మహిధర్ మీసం సవరించుకుంటూ వచ్చి మేక పక్కన, బొమ్మకు ఎదురుగా నిలబడ్డాడు. బాపు అద్దంలో చూస్తూ రెండో చుక్క పెట్టాడు. కుంచె దించాడు. కేక వేయలేదు.

"నువ్వు మొదటి చూపుల నిలవడ్డవ్ మహీ" అన్నాడు. డప్పుల మోతలో మా ముగ్గురికే వినబడింది. "గీ చూపుల నిలవడ్డ మనిషి బత్కడు. నా కొడుకు కండ్లల్ల నువ్వు కుక్కిన రంగు నీ కండ్లల్లకు వస్తది. ఇయ్యాల్నో రేపో. నువ్వే చూస్తవ్."

మహిధర్ మొదట నవ్వాడు. తర్వాత బాపు భుజం మీదుగా పైకి చూశాడు. నిండు కళ్ళు, గీతతో తప్ప నీడతో పని లేని కళ్ళు, సూటిగా వాడినే చూస్తున్నాయి. వాడి నవ్వు ముఖం మీదే ఎండిపోయింది. ఎడమచేత్తో తన కళ్ళు తుడుచుకున్నాడు. వేళ్ళు చూసుకున్నాడు. గొడ్డలి పిడికి పూసిన పసుపు ఆ వేళ్ళకు అంటి ఉంది. అది చూసి వాడు అరిచిన అరుపు మనిషి అరుపు కాదు.

"చెరిపెయ్! చెరిపెయ్ ముసలోడా!"

"చెరుపరాదు."

మొదటి దెబ్బ గోడ మీద పడింది. కుడి కన్ను పెళ్ళగా ఊడి బాపు భుజం మీద రాలింది. రెండో దెబ్బ ఎడమ కన్ను మీదికి ఎత్తాడు. బాపు రెండు చేతులూ చాచి బొమ్మకు అడ్డంగా నిలబడ్డాడు. పరుగెత్తవచ్చు, కదలలేదు. గొడ్డలి మెడకూ భుజానికీ మధ్య దిగింది. ఎముక విరిగిన చప్పుడు డప్పుల్లో కలిసిపోయింది. వాడు లాగి మళ్ళీ కొట్టాడు. చాచిన కుడిచెయ్యి మణికట్టు దగ్గర సగం తెగి, కుంచెతో సహా వేలాడింది. నెత్తురు నా ముఖం మీద వేడిగా చిమ్మింది. నేను అద్దాన్ని వాడి ముఖం మీద పగలగొట్టి, చేతిలో మిగిలిన పెంకుతో కంటి దగ్గర నుంచి దవడ దాకా చీరేశాను. పెంకు నా అరచేతిలోనూ దిగింది. నేను అరుస్తూనే ఉన్నాను. ఎదురుగా రెండు వందల వీపులు, ఒక్కటి కూడా కదల్లేదు.

వాళ్ళకు గొడ్డలి దెబ్బలు వినిపించాయి. మేక తెగుతోంది అనుకున్నారు. కేక కోసం ఎదురుచూస్తున్నారు. కేక వేయవలసిన మనిషి గోడ వెంట జారి, తల్లి పాదాల దగ్గర కూర్చుని, గొంతులోంచి బుడగలు వదులుతున్నాడు. గూటం పీక్కుని మేక వాళ్ళ కాళ్ళ మధ్య నుంచి పరుగెత్తినప్పుడు గానీ ఎవరూ ఇటు తిరగలేదు. అప్పటికి మహిధర్ గొడ్డలి పారేసి, చీలిన చెంపను చేత్తో పట్టుకుని, మోకాళ్ళ మీద ఉన్నాడు.

నిజామాబాదు దవాఖానకు చేరకముందే బాపు పోయాడు. దారంతా ఆయన తల నా ఒళ్ళోనే ఉంది.

కమిటీ ఆ సాయంత్రమే కూర్చుంది. మేక గుంజుకుంటే గొడ్డలి జారిందట. సాయిలు అడ్డం వచ్చాడట. కూతురికి మతి చలించి మహిధర్‌ను పొడిచిందట. వీళ్ళు వీపు తిప్పి ఉన్నారు కదా, ఎవరు ఏం చూశారు? పద్ధతి అది. ఈసారి అబద్ధం చెప్పాల్సిన పని కూడా లేకపోయింది. తిరిగాక వాళ్ళకు కనిపించిన గొడ్డలిని, నెత్తుటి చేతులను, మోకాళ్ళ మీద ఉన్న మహిధర్‌ను మాత్రం వాళ్ళు లెక్కలోకి తీసుకోలేదు. పోలీసులకు అదే రాసిచ్చారు, నా మాట ఇంటి మనిషి మాట అన్నారు. మహిధర్ ప్రైవేటు దవాఖానలో కుట్లు వేయించుకుని, పాండురంగం పక్కన కూర్చుని పళ్ళరసం తాగుతున్నాడని విన్నాను.

పదో రోజున వాన పడింది. మామూలు వాన కాదు, రాళ్ళవాన. కళ్లంలో ఆరబోసిన పసుపంతా నానిపోయి, రెండో రోజుకు నల్లబడి కంపు కొట్టింది. మూడు ఇళ్ళల్లో పిల్లలకు జ్వరం, ఒంటి నిండా పొక్కులు. గుడిలో తల్లి ఒక కన్ను ఊడి, రెండో కంటి మీద బాపు నెత్తురు పేరుకుని, నోరు మాత్రం తెరిచి నిలబడి ఉంది. ఆ దారిన పోవడం మానేసి జనం చుట్టూ తిరిగి వెళ్ళడం మొదలుపెట్టారు. చిన్నన్న కమిటీని వెంటేసుకుని మా గుమ్మంలోకి వచ్చాడు. నల్లమేక మా వాకిట్లోనే గడ్డి నములుతోంది. దాన్ని ఎవరూ వాపసు అడగలేదు.

"బిడ్డా, తల్లి కండ్లు మంచిగ చెయ్యాలె. నువ్వు తప్ప గా పద్ధతి ఎవ్వరికి రాదు" అన్నాడు. చేతులు జోడించాడు. మా బాపు శవానికి డప్పు కొట్టనివ్వని చేతులు.

"చేస్త. గా దినం ఉన్నోళ్ళంత రావాలె. మేక వద్దు. ఎస్సై సారును పిలువుండ్రి, బందోబస్తుకు" అన్నాను.

దవాఖానలో ఉన్న మహిధర్ తప్ప అందరూ వచ్చారు. రాకుండా ఉండే ధైర్యం ఎవరికీ లేదు. ఎస్సై కొత్తగా వచ్చినవాడు, షామియానా కింద కుర్చీలో కూర్చున్నాడు. గోడ మీద బాపు నెత్తుటిని నేను కడగలేదు. ఇంగిలీకం మీద అది ముదురు మట్టిరంగులోకి తిరిగింది. కుడి కన్ను ఊడిన చోట పూత పూశాను గానీ గొడ్డలి గాటును పూడ్చలేదు. ఎడమ కన్ను దగ్గర మాత్రం పేరుకున్నది గీకి, తెల్లగా చేసి ఉంచాను. కొత్త అద్దాన్ని నీలవ్వ చేతికిచ్చాను. ఆమె వద్దంటూనే పట్టుకుంది. గోడకు వీపు ఆనించి, బాపు కుంచె తీసుకున్నాను. జనం వీపు తిప్పబోయారు.

"తిరుగొద్దు" అన్నాను.

ఆగిపోయారు.

"బబ్లు పానం పోయిననాడు మీరు ఏం చూడలే. బాపు పానం పోయిననాడు మీరు ఏం చూడలే. గట్లనే రాసిచ్చిండ్రు. మంచిది. తల్లి మొదటి చూపుల అబద్ధమాడినోడు నిలవడితే బత్కడు. ఏం చూడనోళ్ళకు గా చూపుతోని ఏం భయం? గిట్లనే నా దిక్కు మొఖం పెట్టి నిలవడుండ్రి. చూసినోళ్ళు మాత్రం పక్కకు జరిగి, ఏం చూసిండ్రో గా సారుకు చెప్పుండ్రి."

"గిదేం పద్ధతి? గిట్ల ఎన్నడన్న ఉన్నదా?" అన్నాడు చిన్నన్న.

"పద్ధతి మా ఇంటోళ్ళకే ఎర్క అన్నవ్ గద పెద్దయ్యా. గిదే పద్ధతి. వద్దంటే చెప్పు, పోత. తల్లి గుడ్డిగనే ఉంటది."

ఎస్సై కుర్చీలో ముందుకు వంగాడు. నేను కుంచెను మసిలో ముంచి, భుజం మీదుగా చెయ్యి వెనక్కి చాచాను. అద్దంలో తెల్లటి కన్ను కనిపించింది, తర్వాత ఊగింది. నీలవ్వ అద్దాన్ని పక్కకు తిప్పేసింది.

"ఆగు బిడ్డా" అంది. అద్దాన్ని గుండెకు హత్తుకుంది. "నేను చూసిన. తల మీదికెత్తిన, చూసిన. మహిధరే. ఇద్దరు చేతులు పట్టుకున్నరు, వాడు నోట్లె రంగు కుక్కిండు. గడ్డపారతోని మూడు దెబ్బలు కొట్టిండు. రెండో దెబ్బకు పోరడు 'అవ్వా' అన్నడు. వానికి అవ్వ లేదు గద. నన్నే చూసుకుంట అన్నడు. నేను మీ ఇంటికి ఉరికిన గని, వాని దగ్గరికి పోలే."

ఆమె నేల మీద కూలబడి తల బాదుకుంది. ఏడాది పాటు నేను అడిగిన మాట అదే. వచ్చినప్పుడు అది గడ్డపార లాగే తగిలింది.

తర్వాత ఒక హమాలీ పక్కకు జరిగాడు. అతని వెనక ఇద్దరు. డప్పుల అంజన్న ఏడుస్తూ వెళ్ళి, గుడి దగ్గర తాను ఓరకంట వెనక్కి చూశాననీ, గొడ్డలి ఎత్తింది మేక మీదికి కాదనీ, చూసి కూడా వాయిస్తూనే ఉన్నాననీ చెప్పాడు. ఆడవాళ్ళు పిల్లలను చంకనేసుకుని జరిగారు. ఎస్సై రాస్తున్న కాగితాలు చాలక కానిస్టేబుల్‌ను పంపాడు. చివరికి నా ఎదురుగా చిన్నన్న ఒక్కడే మిగిలాడు. నేను మళ్ళీ కుంచె ఎత్తాను. ఆయన గుడి గోడను చూశాడు, నన్ను చూశాడు, కండువా తీసి ముఖం తుడుచుకుని, తనూ పక్కకు నడిచాడు.

అప్పుడు ఎడమ కన్ను పెట్టాను. తల్లి మొదటి చూపు ఖాళీ నేల మీద పడింది. కుంచె కడిగి రుమాలులో చుట్టుకుంటుంటే చిన్నన్న దగ్గరికొచ్చాడు.

"రెండోది ఎప్పుడు పెడుతవ్ బిడ్డా?"

"గిప్పుడు చెప్పింది కోర్టుల గూడ చెప్పినంక" అన్నాను. "గప్పటిదాక ఎవ్వరన్న మాట తిప్పితే, రెండో కన్ను పెట్టేనాడు వాళ్ళ ఇంటి ముందటికి గోడను లేపుకొస్త."

ఆయన నవ్వలేదు. ఆ చూపు మనిషిని చంపుతుందని నేను నమ్ముతానా? నమ్మను. బాపు నమ్మాడు, చేతులు చాచి నిలబడి చచ్చిపోయాడు. నేను మాత్రం ఆ గొడ్డలి గాటును అలాగే ఉంచి, పొద్దున్నే వెళ్ళి, అది ఎవరూ పూడ్చలేదని చూసుకుని వస్తున్నాను.